రిమార్కుల గడి

ఆరిలోవలో చివరి వీధి పదకొండేళ్లుగా నా చేతిలో ఉంది.
చివరిదంటే చివరిదే.
ఆఖరి ఇంటి ప్రహరీని ఆనుకుని
కంబాలకొండ మొదలవుతుంది.
మధ్యలో ముళ్లకంచె,
కంచెలో మేకపిల్ల పట్టేంత కంత.
ఎవరు చేశారో ఎవరూ చెప్పరు.
ఎవరు వాడుకుంటారో నాకు కొంత తెలుసు.

నెలకోసారి మీటర్లు చూసి బిల్లు కొట్టడం నా పని.
మెడలో మిషను, చెవి మీద పెన్ను,
కుక్కలకని జేబులో రెండు బిస్కెట్లు.

మీటరు పెట్టె మూత ఒక్కసారిగా తియ్యకూడదు.
వేలి కణుపుతో రెండుసార్లు తట్టాలి,
పెద్దవాళ్ల గది తలుపు తట్టినట్టు.
లోపలున్నవాళ్లు సర్దుకోవాలి కదా.

పదిహేడో నంబరులో బల్లి, పక్కనే రెండు గుడ్లు,
పిప్పరమెంటు బిళ్లల్లా.
ఇరవైరెండులో కందిరీగలు.
అక్కడ మూత తియ్యను, మసక అద్దంలోంచే చదువుతాను.
ఎనిమిది ఆరులా కనిపిస్తే ఆ ఇంటివాళ్ల అదృష్టం.

ముప్పై ఒకటిలో, వానలు మొదలైన వారం,
ఎర్త్ వైరు ఊడి వేలాడుతోంది.
ఎర్త్ వైరు ఆకుపచ్చే కదా,
లోపలికి తోసేద్దామని వేలు పెట్టబోయాను.
వైరు తల తిప్పి చూసింది.
పసిరిక.
ఆ రోజు ఇంకో ఇల్లు చూడలేదు,
కిళ్లీకొట్టు బల్ల మీద కూర్చుని రెండు సోడాలు తాగాను.

దాలమ్మ గోడ మీద ఉడుము ఉంటుంది,
ఎండ కాసే రోజుల్లో, పదిన్నర దాటాక.
బారెడు పొడుగు. ముసలి కరణంలా మెడ ఎత్తి,
నాలుక చాచి నా వాసన చదివింది.
నేనూ కదలకుండా దాన్ని చదివాను.
ముందు చూపు తిప్పుకున్నది నేనే.
"ఏటలా సూస్తన్నావు బాబూ, దానికీ బిల్లేస్తావేటి?"
గుమ్మంలోంచి దాలమ్మ.
"మొన్న రెండు గుడ్లొట్టుకుపోనాది.
కోడి జోలికెల్లనేదు. మరియాదస్తురాలు."

మిషనులో ఉన్నవి నాలుగే రిమార్కులు:
డోర్ లాక్. మీటరు కాలింది. మీటరు తిరగడం లేదు. అద్దం మసక.
ఉడుముకి గడి లేదు.

నక్కకీ లేదు.
పోయినేడు తెల్లారుజామున
హనుమంతవాక దగ్గర డివైడరు మీద చూశాను.
లారీల మధ్య, దాటాలా మానాలా తేలక,
జాతరలో చెప్పు పోగొట్టుకున్నవాడిలా
అటు రెండడుగులు, ఇటు రెండడుగులు.
బండి ఆపి లైటు ఆర్పేశాను.
వెనక ఆటోవాడు తిట్టాడు.
తర్వాత చూశాడు.
వాడూ ఆర్పేశాడు.
పది సెకన్లపాటు
అంత పెద్ద హైవే మీద
రెండు గజాల చీకటి దొరికింది దానికి.
మళ్లీ లైట్లు వేసేసరికి డివైడరు మీద గన్నేరు మొక్కలే.
"కుక్కే గురూ" అన్నాడు ఆటోవాడు.
కుక్క కాదని వాడికీ తెలుసు.
కుక్క కోసం వాడు లైటు ఆర్పడు.

ఇది చెప్పాలి.
రిటైరైన రైల్వే గార్డు ఇంటికి ఎప్పుడూ తాళం.
అక్కడి పెట్టెలో, మొన్న మాఘంలో, ఉడత గూడు కట్టింది.
పాత పరుపు దూది, కొబ్బరి పీచు,
బడిపిల్ల జడలోంచి జారిన రిబ్బను ముక్క.
లోపల మూడు పిల్లలు, ఇంకా కళ్లు విప్పనివి,
సరిగ్గా అంకెల మీదే పడుకున్నాయి.
వేలితో దూది కాస్త జరిపితే రీడింగు కనిపించేదే.
జరపలేదు.
డోర్ లాక్ అని కొట్టాను.
ఆఫీసులో అడిగితే తాళం చూపించొచ్చు.

పై నెలా అదే కొట్టాను.

ఈ నెల మూత తడితే చప్పుడు లేదు.
దూది మధ్య చిన్న గుంట, ఇంకా గుండ్రంగా.
అంకె కనిపిస్తోంది: నాలుగు వేల ఎనభై ఒకటి.
మూడు నెలల కిందటి అంకే.
ముగ్గురు పుట్టి, పెరిగి, వెళ్లిపోయారు,
వాడకం సున్నా.
కనీస చార్జీ బిల్లు కొట్టి గేటు సందులో దోపాను.

దూది తియ్యలేదు.
తుప్పు పట్టిన మూత, గట్టిగా నొక్కితేనే పడుతుంది.
నొక్కలేదు.